ఒంటికాలి మీద తీసిన ఫోటో

ఒక పెద్ద అడవిలో, పనికంటే పోస్టులే ఎక్కువైపోయిన రోజుల్లో, సింహానికి చిరాకొచ్చింది. "పని చేస్తూ దిగిన ఫోటో ఉన్నవాడికే ఉద్యోగం. లేనివాడు ఇంటికి పోవచ్చు" అని ఆర్డరు వేసింది.

కార్యదర్శి నక్కకు గుండెల్లో రాయి పడింది. దాని పనేమిటో అడవిలో ఎవరికీ తెలీదు. నిజం చెప్పాలంటే దానికీ తెలీదు. వెంటనే పెళ్ళి ఫోటోలు తీసే నెమలిని పిలిపించింది.

"పని చేస్తుంటే జుట్టు చెదురుతుంది, ముఖం వాడిపోతుంది. అందుకే నేను పని ఆపించి తీస్తాను" అంది నెమలి.

"సరిగ్గా అదే కావాలి" అంది నక్క.

నక్కకు కళ్ళజోడు తగిలించి, ముందు ఫైళ్ళు గుట్టగా పేర్చి, చేతికి పెన్ను ఇచ్చింది నెమలి. పెన్ను క్యాపు తియ్యాలని ఇద్దరికీ తోచలేదు, అలవాటు లేని పని కదా.

తర్వాత పేడపురుగు బుడ్డయ్య వంతు. ఏనుగులు పాడుచేసిన దారులన్నీ శుభ్రం చేసేది అతనొక్కడే. ఇంట్లో పదకొండు మంది పిల్లలకు ఆ ఉద్యోగమే ఆధారం.

"అబ్బ, ఏం వాసనయ్యా బాబూ" అంటూ నెమలి అతన్ని కుంకుడుకాయలతో రుద్దించింది. పేడ ఉండను అవతల పారేయించి, దాని బదులు గుండ్రటి వెలగపండు పెట్టింది.

"నేను దొర్లించేది ఇది కాదమ్మా" అన్నాడు బుడ్డయ్య.

"నవ్వు" అంది నెమలి. పాపం, నవ్వాడు.

ఆర్డరు వచ్చిన రోజునుంచీ కొంగ కూడా పాత కెమెరా పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే ఉంది. "నేనున్నానని పని చేసేవాళ్ళు మరిచిపోవాలి. అప్పుడే తీస్తాను" అనేది. "రిటైరయ్యేలోపు తియ్యి తల్లీ" అని నెమలి వెక్కిరించింది.

సింహం నెమలి ఫోటోలు చూసింది. నక్క ఉద్యోగం ఖాయమైంది. బుడ్డయ్య ఫోటో దగ్గర మాత్రం కళ్ళు చిట్లించింది. "ఎవరీ పళ్ళ వ్యాపారి? ఈయనకు మన జీతమెందుకు? తీసెయ్యండి."

బుడ్డయ్య పిల్లల్ని వెంటబెట్టుకుని ఏడుస్తూ పోయాడు. నాకైతే ఆ సింహం మీద ఒళ్ళు మండింది.

వారం తిరిగేసరికి ఏనుగు పేడలో కాలు జారి, సభకు వస్తున్న సింహం వెల్లకిలా పడింది. "ఇది ఎత్తేవాడెవడు?" అని అరిచింది.

కొంగ అప్పట్లోనే తీసినా ఎవరూ అడగని ఫోటో ఒకటి తెచ్చి చూపించింది. తల కిందికి, కాళ్ళు పైకి, ఒళ్ళంతా పేడతో ఉండను వెనక్కి నెడుతున్న బుడ్డయ్య.

"ముఖం కనపడదేం?"

"పనిలో ఉన్నాడు కదా, ఏలినవారూ."

"మరి నక్క ఫోటో?"

"పని మొదలుపెడతారేమోనని మూడు వారాలుగా చూస్తున్నానండి."

సింహం బుడ్డయ్యను పిలిపించి ఉద్యోగం తిరిగి ఇచ్చింది, నక్కను అతని కింద వేసింది. నక్క మొదటి ఉండ నెట్టిన క్షణమే కొంగ కెమెరా టిక్కుమంది.

సింహానికి ముచ్చటేసింది. "ఇక నేను పనిలో ఉన్నప్పుడు నాదీ ఒకటి తియ్యి" అంది.

కొంగ కెమెరా సింహం వైపు తిప్పి, నిలబడ్డ కాలు మార్చుకుంది.

నీతి: ఉద్యోగం ఉండాలంటే, ఫోటో దిగే రోజున స్నానం చెయ్యకండి.