గుడ్లగూబ వీధిన పడిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున కసిమీరో వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. పెరటి షెడ్డులో దాచిన అచ్చు పెట్టి కొత్త జెండా మీద రంగు అద్దాలి. మధ్యాహ్నం ఊరేగింపు వచ్చేలోపు జెండా మడిచి మంచం కింద తోసేయాలి. భార్య తోమాసా ఎలాగూ పొద్దుటినుంచీ వీధిలోనే ఉంటుంది. ఆవిడ ఇంట్లో లేని పూట ఒక రహస్య సంఘ సభ్యుడికి దొరకడమంటే మాటలు కాదు.

గ్వాటెమాలా దేశపు ఆంటిగ్వా పట్నంలో ఈస్టరుకు ముందటి తపస్సుకాలపు ఆదివారం వచ్చిందంటే ఊరంతా మోకాళ్ల మీదే ఉంటుంది. ప్రార్థన కోసం కాదు, రంపపు పొట్టు కోసం. రంగులద్దిన పొట్టును అట్ట అచ్చుల్లోంచి జల్లి, రాళ్ల వీధి నిండా తివాచీలు పరుస్తారు. ఊదా అంగీల వాళ్లు క్రీస్తు విగ్రహమున్న పల్లకీని భుజాల మీద మోసుకుంటూ వాటి మీదుగా నడిచిపోతారు. వెనకాల చీపుళ్లు వస్తాయి. అరపూట చాకిరీ అరక్షణంలో చెత్త అవుతుంది, అందరూ కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోతారు. ఆ అచ్చులు కత్తిరించడమే కసిమీరో వృత్తి.

ఆయన ప్రవృత్తి మాత్రం మౌన గుడ్లగూబ సంఘం. స్పెయిన్ దొరల కాలంలో పుట్టిన ఆ సంఘం ఎందుకు పుట్టిందో ఇప్పుడెవరికీ తెలియదు. రహస్యాన్ని అంత బాగా కాపాడారు మరి. మిగిలిన సభ్యులు ముగ్గురే: అచ్చుల కసిమీరో, పళ్ల డాక్టరు బెనీగ్నో, ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన అధ్యక్షుడు అన్సెల్మో. ప్రతి గురువారం సాయంత్రం బెనీగ్నో ఆసుపత్రి వెనక గదిలో సమావేశం. డామినో ఆటకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, తోమాసా మొక్కజొన్న పిండితో వండి అరిటాకుల్లో కట్టిచ్చిన తమాలెలు పట్టుకుని కసిమీరో వెళ్తాడు. ముగ్గురూ సంఘ ముద్ర గురించి పోట్లాడుకుని, తిని, ఇళ్లకు పోతారు.

ముద్ర కథ చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి. మొదట అది నోటి మీద రెక్క పెట్టుకున్న గుడ్లగూబ. దొరల సైనికులు గుడ్లగూబ బొమ్మ ఉన్న ఇల్లల్లా సోదా చేస్తుంటే, దాని నెత్తిన నాలుగు ఆకులు పెట్టి అనాసపండు అన్నారు. తర్వాత ఒక నియంత వచ్చాడు. ఆయన జుట్టు నిటారుగా ఉండేది. అనాసపండు తనను వెక్కిరించడానికే అని ఆయనకు అనుమానం. దాంతో పొట్టలో దీపం పెట్టి లాంతరు అన్నారు. అన్సెల్మోది గుడ్లగూబ పక్షం, బెనీగ్నోది అనాసపండు పక్షం. సంఘానికి రెండు వందల ఏళ్లు నిండుతున్నాయని జెండా తలపెట్టాక, ఇద్దరికీ సర్దిచెప్పలేక కసిమీరో మూడూ కలిపి ఒకే అచ్చు కోశాడు.

నియమం మాత్రం ఒక్కటే, అది నోటిమాటగానే వస్తోంది. ముద్ర బయటివాళ్ల కంటబడితే ఆ రోజే సంఘం రద్దు.

సంఘం పోతే రహస్యం పోతుందని కసిమీరోకు దిగులు లేదు. దిగులంతా అన్సెల్మో గురించే. భార్య పోయాక ఆ పెద్దాయన రొట్టెముక్క, కాఫీతో రోజులు వెళ్లదీస్తున్నాడు. ఎవరు భోజనానికి పిలిచినా "ఇప్పుడే తిన్నాను" అంటాడు. అంత ఆత్మాభిమానం. గురువారం సమావేశానికైతే అధ్యక్షుడు రాక తప్పదు, వచ్చినవాడు తినకా తప్పదు. ఏడాదికేడాది ఆయన కోటు వదులవడం కసిమీరో చూస్తూనే ఉన్నాడు. గురువారాలు కూడా లేకపోతే ఆ మనిషి దక్కడని ఆయన భయం.

కాఫీ తాగి షెడ్డులోకి వెళ్లాడు. రంగు డబ్బా ఉంది, గుడ్డ ఉంది. అచ్చు లేదు.

వీధిలోకి ఒక్క పరుగు తీశాడు. తోమాసా, పక్కింటి ఓబ్దూలియా, ఇంకో ఐదారుగురు ఆడవాళ్లు దారికి అడ్డంగా వేసిన చెక్క పలకల మీద మోకాళ్లూని పొట్టు జల్లుతున్నారు. గుమ్మం ముందు, నలుగురు నడిచే దారిలో, నాలుగు గుడ్లగూబలు వరసగా ఆకాశం కేసి చూస్తున్నాయి.

"తోమాసా! షెడ్డులో గోడకు ఆనించిన అట్ట నువ్వు తీశావా?"

"తీశాను. ఏటేటా అవే గులాబీలు, అవే పావురాలు! ఇంత మంచి అచ్చు కోసి నాకు చూపించకుండా దాస్తారా?"

"అది... అది వేరేవాళ్ల ఆర్డరు."

"ఎవరిది?"

కసిమీరో చెయ్యి చాచాడు. "ఇటివ్వు ముందు."

"నా దగ్గరెక్కడుంది? పై వీధి హసింతా అడిగితే ఇచ్చాను. ఆవిడ వాళ్ల చెల్లెలికి ఇస్తానంది."

కసిమీరో పై వీధికి పరిగెత్తాడు. హసింతా దగ్గర గోధుమరంగు పొట్టు అయిపోయి, గుడ్లగూబలకు గులాబీరంగు వేసింది. అచ్చు అప్పటికే చెల్లెలి దగ్గరికి పోయింది. చెల్లెలు దాన్ని తలకిందులుగా పెట్టింది, ఆకులు కాళ్లయ్యాయి. అక్కడినుంచి చర్చి సందులోకి వెళ్లిన అచ్చుకు, బోసిగా ఉందని ఎవరో చుట్టూ అరటిపువ్వులు పేర్చారు. రెండు వందల ఏళ్లలో రాని మార్పులు ఆ ముద్రకు రెండు గంటల్లో వచ్చాయి. అచ్చు దొరికేసరికి అది తడిసి చిరిగి, ఇంకెవరికీ పనికిరాకుండా ఉంది. పనికి రావాల్సిన చోటల్లా వచ్చేసింది గనక ఆ సంగతి పెద్ద ఊరట కాలేదు.

తిరిగొచ్చి, ఇక తెగించాడు. పొట్టు ఎగిరిపోకుండా సన్నగా నీళ్లు చిలకరించే డబ్బా ఒకటి పక్కనే ఉంది. ఎవరూ చూడనప్పుడు దాన్ని ఎత్తి, మొదటి గుడ్లగూబ మీద నిండా గుమ్మరించాడు. రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారాయి. కళ్లు పెద్దవయ్యాయి, పొట్టలో దీపం చుట్టూ పసుపు వెలుగులా పాకింది.

"అమ్మమ్మమ్మ!" అంది ఓబ్దూలియా వెనకనుంచి. "వెలుగు వచ్చేసింది చూశారా! తోమాసా, మీ ఆయనకు ఏం చెయ్యి ఉందే! అన్నయ్యా, మిగతా మూడింటికీ పొయ్యండి. ఒసేయ్, పై వీధికి కబురు పెట్టండి, వాళ్లూ ఇలాగే చేస్తారు!"

కబురు వెళ్లింది. వాళ్లూ అలాగే చేశారు. సందుకొక గుంపు చేరింది. ఫోటోలు తీసేవాళ్లు తీస్తూనే ఉన్నారు.

కసిమీరోకు మిగిలిన ఆశ ఒక్కటే. పల్లకీ త్వరగా వచ్చి తొక్కేస్తే, మిగతా ఇద్దరు సభ్యులూ చూడకముందే అంతా చెత్తలో కలుస్తుంది. ఆ రోజే పల్లకీ ఆలస్యమైంది. దానికంటే ముందు, ఉతికిన కోట్లు వేసుకుని, ఊరేగింపు చూడ్డానికి అన్సెల్మో, బెనీగ్నో వచ్చారు.

అన్సెల్మో తివాచీ చూశాడు. మెల్లిగా టోపీ తీశాడు.

బెనీగ్నో కసిమీరోను పక్కకు లాగి చెవిలో బుసకొట్టాడు. "అనాసపండుకు కళ్లు పెట్టావేమిటయ్యా!"

"ఊరంతా చూసిందిరా బాబూ. ఇప్పుడు కళ్ల సంగతా?"

"చూస్తే ఏం? గుర్తుపట్టారా అన్నది ముఖ్యం. ఉండు." బెనీగ్నో గుంపు వైపు తిరిగి, పళ్లు చూసే గొంతుతో అడిగాడు. "అమ్మా, ఈ బొమ్మ ఏమిటంటారు?"

"కాఫీ జగ్గు కదండీ" అందొకావిడ.

"టోపీ పెట్టుకున్న మా మేనత్త. అచ్చం ఆవిడే" అంది ఓబ్దూలియా.

"మా మేయరుగారే" అన్నాడొకాయన, అటూ ఇటూ చూసి.

బెనీగ్నో మొహం వెలిగింది. అన్సెల్మో టోపీ మళ్లీ పెట్టుకోబోయాడు. కసిమీరో గుండె కాస్త కుదుటపడింది.

"అదేంటి, గుడ్లగూబ కదా!" అంది తోమాసా.

ముగ్గురు మగవాళ్లూ కొయ్యబారిపోయారు.

"నీకెలా తెలుసు?" అన్నాడు కసిమీరో.

"మీ కోటు లోపలి గుడ్డకు కుట్టుకున్న గుడ్లగూబ బిళ్ల ఏళ్లనుంచీ ఇస్త్రీ చేస్తున్నాను. ఇంట్లో డామినో బిళ్ల ఒక్కటీ లేని మనిషి గురువారం గురువారం డామినోకు వెళ్తుంటే నేను నమ్ముతాననుకున్నారా? బొమ్మ కూడా చూపించకూడదని నాకేం తెలుసు? ఎవరికీ చెప్పలేదులెండి. ఓబ్దూలియాకు తప్ప."

"నేనూ ఎవరికీ చెప్పలేదు" అంది ఓబ్దూలియా. "ఇందాక మేనత్తన్నది కూడా మీ పరువు కోసమే. హసింతాకు చెప్పాననుకోండి, అది వేరు."

అన్సెల్మో నిటారుగా నిలబడ్డాడు. అధ్యక్షుడి గొంతు తెచ్చుకుందామనుకున్నాడు గానీ, ముసలాయన గొంతే వచ్చింది.

"నియమం నియమమే, మిత్రులారా. బయటివాళ్లు చూశారు. ఇవాళ్టితో సంఘం అయిపోయింది. గురువారం ఎవరూ రానక్కర్లేదు."

"మరి మీరేం తింటారు?" అనేశాడు కసిమీరో.

అనకూడదని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ అనలేదు కూడా. అన్సెల్మో చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు కిందికి దించి తివాచీ అంచు వైపు చూస్తూ ఉండిపోయాడు. దూరంగా ఊరేగింపు డప్పు వినిపిస్తోంది.

ప్రతి గురువారం ఇంకో రెండు తమాలెలు ఎక్కువ కట్టమని మొగుడు ఎందుకు సతాయించేవాడో తోమాసాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ లేచి, రంగు అంటిన చేతులు గౌనుకు తుడుచుకుంది.

"అన్సెల్మోగారూ, నాకు తెలియక అడుగుతాను. బయటివాళ్లు చూస్తేనే కదా రద్దు?"

"అవునమ్మా."

"అయితే మమ్మల్ని బయట నిలబెట్టిందెవరు? లోపలికి రమ్మంటే పోలా?"

"సంఘంలో ఆడవాళ్లను... ఎన్నడూ..." అన్నాడు బెనీగ్నో.

"వద్దని నియమం ఉందా?"

బెనీగ్నో అన్సెల్మో వైపు చూశాడు. అన్సెల్మో చాలాసేపు ఆలోచించాడు. ఆయనకు గుర్తున్న నియమం ఒక్కటే, అందులో ఆ మాట లేదు.

"లేదమ్మా" అన్నాడు చివరికి. అంటూనే నవ్వేశాడు.

డప్పు మలుపు తిరిగింది. పల్లకీ కనిపిస్తోంది. అన్సెల్మో టోపీ గుండెకు ఆనించుకుని, గబగబా నాలుగు మాటల్లో ఆడవాళ్లందరినీ సంఘంలో చేర్చుకున్నాడు. రంగురంగుల చేతులు పైకి లేచాయి. అంతలో ఊదా అంగీల వాళ్లు పల్లకీ భారంతో ఊగుతూ వచ్చి, తలలు వంచి, గుడ్లగూబల కళ్లలోకి చూసుకుంటూ వాటి మీదుగా నడిచిపోయారు.

"మోసేవాళ్లూ చూశారు!" అని కేకపెట్టింది ఓబ్దూలియా.

"పై వీధి సంగతో?" అన్నాడు బెనీగ్నో. అనాసపండు పక్షానికి మనుషులు దొరుకుతారన్న ఆశ ఆయన మొహంలో అప్పుడే కనిపించింది. "పదండి పదండి, చీపుళ్లవాళ్లు ఇళ్లకు పోకముందే పట్టుకోవాలి!"

బొమ్మ చూసిన ప్రతివాళ్లనూ సంఘంలో చేర్చుకుంటూ, చీకటి పడేదాకా ముగ్గురూ వీధి వీధీ తిరిగారు. కాఫీ జగ్గు అన్నావిడ చేరింది. మేయరన్నాయన చేరాడు. మేయరు కూడా చేరాడు, బొమ్మ తనదేనని ఎవరో చెప్పారట.

గురువారం సమావేశం పళ్ల డాక్టరు గదిలో పట్టక, తోమాసా పెరట్లో పెట్టారు. వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ ఒక గిన్నె తెచ్చారు. అన్సెల్మో మొదటి గిన్నె దగ్గర "ఇప్పుడే తిన్నాను" అన్నాడు. ఓబ్దూలియా ఆయన చేతికి పళ్లెం ఇచ్చి, "అధ్యక్షులు రుచి చూడందే మేం మొదలుపెట్టకూడదట, కొత్త నియమం" అంది. ఆ నియమం ఎప్పుడు పెట్టారని ఆయన అడగలేదు. ప్రతి గిన్నె దగ్గరా ఆగాడు. కొన్నింటి దగ్గర రెండుసార్లు ఆగాడు. కసిమీరో మూలన నిలబడి అదే చూస్తూ, తన పళ్లెంలో చల్లారిపోతున్నది మర్చిపోయాడు.

భోజనాలయ్యాక, సంఘం గురించి ఊళ్లో ఎవరికీ చెప్పబోమని అందరిచేతా ప్రమాణం చేయించారు. చెప్పడానికి ఊళ్లో ఎవరూ మిగల్లేదు.