చెయ్యూపిన గడ్డి చుట్ట

వాలులో ఇంకొక్క గడ్డి చుట్ట దొర్లినా సరే, ఆ ముసలి ట్రాక్టర్‌ని అమ్మేస్తానని నూలా మొగుడు ఫింటన్‌తో తెగేసి చెప్పిందట. ఈ మాట ఎదురింటి కన్సెప్టా కొట్లో రొట్టె కొంటూ చెప్పింది. కన్సెప్టా చెప్పిందాంట్లో సగం తీసేసి మిగతాది నమ్మడం ఐర్లండులోని ఆ లీట్రిమ్ కొండల్లో అందరికీ అలవాటు. ఈసారి తీసెయ్యడానికి ఏమీ లేదు.

ట్రాక్టర్ ఫింటన్ తండ్రి నాటిది. దాని హ్యాండ్‌బ్రేకు తండ్రితోపాటే పోయింది. దానికి బదులు సీటు కింద ఒక రాయి ఉంటుంది. స్టీరింగు ఎటు తిప్పినా, చక్రాలు కాస్త ఆలోచించుకుని గానీ తిరగవు. పక్క పొలం మలాకీ దాన్ని కొంటానని ఏళ్ళ తరబడి అడుగుతున్నాడు. ఫింటన్ మాత్రం నూలాని అడిగినా ఇస్తాడేమో గానీ ట్రాక్టర్‌ని ఇవ్వడు.

ఆ పొద్దున, వాన రాకముందే గుట్ట చేలో గడ్డి పని ముగించాలని, ట్రాక్టర్ వెనక గడ్డిని చుట్టలు చుట్టే బేలర్ తగిలించుకుని బయల్దేరాడు.

"చుట్ట దించేముందు బండిని వాలుకి అడ్డంగా తిప్పు. నిలువుగా దించావో, చుట్ట చెరువులో ఉంటది, ట్రాక్టర్ మలాకీ దొడ్లో ఉంటది," అంది నూలా.

"నాకు చెప్తున్నావా?"

"నిరుడు దొర్లించినోడికి కాక ఇంకెవరికి చెప్పను?"

ఫింటన్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. ప్రతి చుట్టనీ అడ్డంగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించాడు. మధ్యలో ఉక్కపోసి కోటు విప్పి గడ్డి వరస మీద పడేశాడు, పడేసి మరిచిపోయాడు. ఆఖరి వరసలో బేలర్ గడ్డితోపాటు కోటునూ మింగి చుట్టేసింది. కోటు చెయ్యి ఒకటి మాత్రం బయట వేలాడుతూ మిగిలింది.

ఆ చుట్టని దించడానికి బండిని అడ్డంగా తిప్పుతుండగా కింద రోడ్డు మీద మలాకీ కారు వచ్చింది. ఎదురైన మనిషికి చెయ్యూపకపోతే అక్కడ మూడు తరాల పగ మొదలవుతుంది. రెండు చేతులూ కావలసిన స్టీరింగు మీంచి ఫింటన్ చెయ్యి ఒకటి దానంతటదే లేచింది. ట్రాక్టర్ ముక్కు గుట్ట పైకి తిరిగింది. బేలర్ వెనక తలుపులోంచి చుట్ట దిగి, కాసేపు నడిచి, ఆపైన పరుగందుకుంది.

ఫింటన్ దిగి చక్రం కింద రాయి పెట్టేసరికి చుట్ట కంచె విరగ్గొట్టుకుని, కన్సెప్టా కిటికీ ముందునుంచి వెళ్ళి చెరువులో పడింది. నూలా చూసేలోగా బయటికి లాగాలి. తాడు కోసం చాటుదారి పట్టుకుని మలాకీ కొట్టానికి పోయాడు.

"నూలా, తల్లీ, నీళ్ళలో పడ్డ చుట్టలో మీ ఆయనున్నాడు," అంటూ కన్సెప్టా పరిగెత్తుకొచ్చింది. "ప్రతి దొర్లుకీ నాకు చెయ్యూపుకుంటూ పోయాడు. పోయేటప్పుడు కూడా మర్యాద తప్పలేదు మహానుభావుడు."

గుట్ట మీద ఖాళీ ట్రాక్టర్ ఉంది. నీళ్ళ మీద కోటు చెయ్యి ఉంది. ఇంకేం కావాలి? కాసేపట్లో వంటిల్లు నిండిపోయింది. చావింట్లో అక్కడి ఆచారం ప్రకారం ఎవరో గోడగడియారం ఆపేశారు. హామ్ సాండ్‌విచ్‌లు వచ్చాయి, వాటి వెనక మలాకీ కుర్చీలు మోసుకొచ్చాడు.

"వాలులో అంత జాగ్రత్తగా నడిపేవాణ్ణి నేను చూడలేదు," అన్నాడు మలాకీ. తాడుతో తిరిగొచ్చిన ఫింటన్ అప్పుడే పెరటి గుమ్మం దగ్గరున్నాడు. లోపలికి రాబోయినవాడు, ఇంకో రెండు మంచిమాటలు వింటే తప్పేముందని ఆగిపోయాడు.

మలాకీ గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ నూలా, ఆ ట్రాక్టర్..."

"అమ్మను," అంది నూలా, ఏడుస్తూనే. "ఆయన ప్రాణమంతా దాని మీదే. నేనున్నన్నాళ్ళూ అది కొట్టం దాటదు. అందరి ముందూ ఒట్టేసి చెప్తున్నా."

తలుపు తోసుకుని ఫింటన్ వచ్చాడు. కన్సెప్టా సిలువ గుర్తు వేసుకుంది. నూలా అతని భుజాలు పట్టుకుని తడిమి చూసింది, గట్టిగా వాటేసుకుంది, ఆ తర్వాత తువ్వాలుతో ఒక్కటిచ్చింది.

"కోటేది?"

"చెరువులో."

"చుట్ట?"

"కోటుతోనే ఉంది. అది సరే, ట్రాక్టర్ అమ్మనని ఒట్టేశావు. ఇంతమంది విన్నారు."

నూలా కళ్ళు తుడుచుకుని, గడియారాన్ని మళ్ళీ నడిపించి, మలాకీ ముందు టీ పెట్టింది.

"ఒట్టేసింది చచ్చిపోయినాయనకి," అంది. "బతికున్నోడికి పొద్దున చెప్పిన మాటే."