పోయిన ఏడాది బండి

ఆదివారం పొద్దున్నే వెళ్లి కారు చూడాలి, నచ్చితే భోజనాల వేళకి ఇంటి ముందు నిలబెట్టాలి. ఇదీ పథకం. "నచ్చకపోతే" అన్న మాట ఆ రోజుకి వాడకూడదని భార్య ముందే చెప్పింది. ఊరవతల జలాశయం దగ్గర నీళ్ల పరీక్ష కేంద్రంలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. అక్కడిదాకా బస్సు పోదు. సొంత బండి నడుపుకుంటూ రాగలిగితేనే ఉద్యోగం అన్నారు. చేరాల్సింది రేపు. చేరకపోతే ఆ కుర్చీ తర్వాతి మనిషిది.

భర్త బీమా కంపెనీలో క్లెయిముల గుమాస్తా. ఆఫీసులో అతని పేరు జాతకం. ఎవరు ఏ కారు మాటెత్తినా ముందు పుట్టిన సంవత్సరం అడుగుతాడు. ఒకే కంపెనీ, ఒకే మోడల్. ఒక ఏడాదిది మనవల కాలం దాకా నడుస్తుంది, మరుసటి ఏడాదిది మొదటి మలుపులోనే పడుకుంటుంది అంటాడు. ఇప్పుడు చూడబోయే మోడల్‌కి ఒక సంవత్సరం గేరుబాక్సు మార్చారు. అంతకు ముందుది బంగారం, మార్చిన ఏడాదిది మట్టి. ఇలా ఏడాదులు చూసుకుంటూ ఏళ్లు గడిపేశాడు గాని కారు మాత్రం కొనలేదు.

ఫోన్ చేస్తే ఒక ఆడమనిషి పలికింది.

"సార్ ఉన్నారా అండీ?"

"లేరండీ."

"బండి ఏ సంవత్సరానిదో చెప్తారా?"

"మావారు పోయిన ఏడాది కొన్న బండండీ. అంతకు మించి నాకు తెలీదు. కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి."

గుమాస్తా ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు.

"పాపం, బండాయన పోయారట. ఆయన పోయిన ఏడాదే కొన్నారట. కొత్తదే కొని ఉంటారు. ఆయనెప్పుడు పోయారో తెలిస్తే బండి ఎప్పటిదో తెలిసిపోతుంది."

"అది వెళ్లి ఆవిణ్ణే అడుగుతారా?" అంది భార్య, రేపటి చీర ఇస్త్రీ చేస్తూ.

"నేరుగా అడుగుతానా? చుట్టూ తిప్పి అడుగుతాను."

బండి నడిపి చూడడానికి బావమరిదిని వెంటబెట్టుకున్నాడు. బయట పొగమంచు. ఆ వీధిలో పగలే దీపాలు వెలుగుతున్నాయి. మనుషులు లేరు.

"బావా, ఇక్కడ కుక్క కూడా మొరగట్లేదు."

"ఆదివారం కదరా."

"కుక్కలకి ఆదివారమేంటి బావా!"

గేటు మీద పళ్ల డాక్టరు అని బోర్డు ఉంది. వేళలు రాసిన చోట రంగు పూసేశారు. తలుపు తట్టబోతుండగానే తెరుచుకుంది. గుమ్మంలో ఒక ముసలావిడ.

"మీకోసమే చూస్తున్నాం, రండి" అంది. ఆమె వెనక ఎవరూ లేరు.

ముందు గదిలో, పళ్లు పీకడానికి కూర్చోబెట్టే కుర్చీ మీద దుప్పటి కప్పి ఉంది. పక్కన బల్ల మీద సగం తాగిన టీ. కప్పులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"ఇది ఎవరిదండీ?" అన్నాడు బావమరిది.

"ఆయనదే నాయనా. రోజూ పెడతాను. ఒక్కోరోజు తాగుతారు. ఒక్కోరోజు ఇలా సగంలో వదిలేసి మాయమైపోతారు."

బావమరిది తన కుర్చీని బావ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గుమాస్తా గొంతు తగ్గించాడు.

"ఏ ఏడాదిలో అండీ... పోయింది?"

"చెప్పాను కదండీ, పోయిన ఏడాదే."

"పోయింది ఎప్పుడంటే పోయినప్పుడు అంటోంది బావా" అని బావమరిది చెవిలో గొణిగాడు.

గుమాస్తా ఇంకో దారిన వచ్చాడు. "ముందు నుంచీ జబ్బేమైనా ఉందా అండీ?"

కారు సంగతి అడుగుతున్నాడని ఆమె అనుకుంది. "జబ్బేం లేదు. చలికాలం పొద్దున్నే కాస్త దగ్గు, అంతే."

"మరి ఒక్కసారిగా..." గుండె అనలేక గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆగిపోవడమా? అదిగో, ఆ గుమ్మం ముందే. నేనూ పక్కింటాయనా కలిసి తోశాం. కాస్త కదలిక వచ్చింది గాని మళ్లీ చల్లబడిపోయింది."

"తోశారా!" అన్నాడు బావమరిది.

"తొయ్యక ఏం చేస్తాం నాయనా? అయితే పళ్లు మాత్రం గట్టివి. ఒక్కటీ అరగలేదని ఆయన ఇప్పటికీ చెప్తుంటారు."

"ఇప్పటికీనా అండీ?"

"నిద్రలో కూడా. నన్ను లేపి మరీ చెప్తారు."

గుమాస్తా లేచి నిలబడ్డాడు. కాళ్లు గేటు వైపు తిరిగాయి. రేపు ఖాళీగా ఉండబోయే కుర్చీ గుర్తొచ్చి ఆగాడు. "ఇప్పుడు... ఎక్కడున్నట్టు?"

"పెరట్లోనే. గుడ్డ కప్పి ఉంచాం. మీరు వెళ్లి తీసి చూడండి. నేను పొయ్యి మీద పాలు చూసి వస్తాను."

"మనం వచ్చింది కారు కోసమా, కర్మ కోసమా?" అన్నాడు బావమరిది, పెరటి మెట్లు దిగుతూ.

గుడ్డ కింద ఉన్నది కారే. చక్రాలు కనిపించాక ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత ఇంకో ఊపిరి వినిపించింది. వెనక తలుపు దగ్గర గుడ్డ ఉబ్బుతోంది, తగ్గుతోంది. మళ్లీ ఉబ్బుతోంది. గాలి లేదు. చెట్టు ఆకు కూడా కదలడం లేదు.

లోపల్నించి దగ్గు వచ్చింది. తర్వాత ఒక గొంతు.

"కొనకు."

గేటు దాకా పరిగెత్తిన చప్పుడు బావమరిదిది. గుమాస్తా కదల్లేదు. ధైర్యం ఉండి కాదు, బండి ఏ ఏడాదిదో ఇంకా తెలియక.

"ఇది మనుషుల్ని ఎక్కించుకుంటుంది. దింపదు. పో" అంది గొంతు.

గుమాస్తా చేతులు కట్టుకున్నాడు. "సార్, మీరు పోయినందుకు చాలా బాధగా ఉంది. ఒక్క మాట చెప్తే వెళ్లిపోతాను. ఇది గేరుబాక్సు మార్చకముందుదా, మార్చాక వచ్చిందా?"

గుడ్డ ఉబ్బడం ఆగింది.

"మార్చాక వచ్చినదాన్ని కొనే మొహంలా ఉందటయ్యా నాది?"

"మొహం కనపట్టంలేదు సార్."

గుడ్డ అంచు లేచింది. అందులోంచి ఒక చెయ్యి వచ్చింది. వేళ్లు మంచులా ఉన్నాయి. ఆ చెయ్యి గుమాస్తా మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది. గుడ్డ పడిపోయింది. పెరడు ఖాళీ అయింది.

గేటు దగ్గర్నించి ఇదంతా చూసిన బావమరిది అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా! బావ పోయాడే!"

అక్క మరో మాట వినలేదు. ఇస్త్రీపెట్టె ఆపిందో లేదో కూడా చూసుకోకుండా దొరికిన టాక్సీ ఎక్కింది.

గుడ్డ కింద, వెనక సీట్లో, మఫ్లరు చుట్టుకుని పళ్ల డాక్టరు కూర్చుని ఉన్నాడు.

"మీరు... పోలేదా సార్?"

"ఎక్కడికి పోతాను? ఇక బండి నడపొద్దని కళ్ల డాక్టరు చెప్పాడు. అమ్మేద్దామని మా ఆవిడ పట్టుబట్టింది. కొనేవాళ్లు వస్తున్నారంటే చాలు, నేను వచ్చి ఇందులో కూర్చుంటాను. పాతదే, పోయిన ఏడాదే కొన్నాను. గేరుబాక్సు మార్చకముందుది దొరకడానికి ఎంత తిరిగానో తెలుసా?"

ఆ గొంతు విని ఇంతవరకు అందరూ పారిపోయారు. ఎదురుప్రశ్న వేసింది ఇతనొక్కడే. డాక్టరు కోటు జేబులోంచి కాగితాలు తీశాడు. గుమాస్తా సంవత్సరం చూశాడు. బంగారం. ఇంజను నంబరు చూశాడు. అదీ బంగారమే. తర్వాత ఇద్దరికీ వేళ తెలియలేదు.

టాక్సీ దిగిన భార్య, గుమ్మంలో ఉన్న ముసలావిడ చేతులు పట్టుకుని భోరుమంది. "ఎలా జరిగిందమ్మా? మీవారి దగ్గరికే మావారూ పోయారట!"

"మావారి దగ్గరికా? ఆయన టీ సగంలో వదిలేసి ఎక్కడికో పోయారుగా."

"పోయిన ఏడాది కదమ్మా పోయింది!"

"పోయిన ఏడాది కొన్నారమ్మా! పోవడమేమిటి, చేగోడీలు కరకరా నములుతుంటే!" ఆమె నోరు నొక్కుకుంది. "అయ్యో, ఆ బాబు ఇందాకట్నించీ అడిగింది ఈయన గురించా! ఎందుకంత నీరసంగా అడుగుతున్నాడో అనుకున్నాను. నేనేమో బండి గేరు పళ్లు కూడా ఏకరువు పెట్టాను."

ఇద్దరూ పెరట్లోకి వచ్చారు. వెనకాలే బావమరిది. గుడ్డ కింద నవ్వులు వినిపిస్తున్నాయి. తర్వాత గుమాస్తా గొంతు.

"సార్, నా మాట వినండి. ఇలాంటి ఏడాది బండి మళ్లీ దొరకదు. ప్రాణం పోయినా అమ్మకండి."

భార్య కళ్లు తుడుచుకోవడం ఆపేసింది. బతికి ఉన్నాడన్న సంతోషం ఆమె మొహంలో వచ్చిన దారినే వెళ్లిపోయింది. ముసలావిడ ఆమె వైపు చూసింది. బేరం అక్కడే, గుసగుసల్లో అయిపోయింది.

"కాగితాలో?" అంది భార్య.

"ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయన బండిలోనే ఉన్నారు. తాళం చెవి మాత్రం నా కొంగుకి ఉంది."

గుడ్డ లాగి బావమరిది చేతిలో పెట్టారు. లోపలివాళ్లు తల ఎత్తలేదు. వెలుతురు వచ్చిందని కాగితం కాస్త దగ్గరికి పట్టుకున్నారు. భార్య స్టీరింగు ముందు కూర్చుంది, ముసలావిడ పక్కన. ఇంజను ఓసారి దగ్గి అందుకుంది. పొగమంచులో గేటు దాటారు, వీధి దాటారు, జలాశయం రోడ్డు ఎక్కారు.

ఆ ఏడాది బండ్లలో మూడో గేరు పడేటప్పుడు చిన్న చప్పుడు వస్తుందని గుమాస్తా, రాదని డాక్టరు వెనక సీట్లో వాదించుకుంటున్నారు. బండి అప్పటికి నాలుగో గేరులో ఉంది.