చాప కట్టుకుని వెళ్ళిన శనివారం

నెలలో చివరి శనివారం పొద్దున రోడ్డు మీద పురుగు కూడా ఉండదని తేతా లెక్క వేసింది. ఆ పూట బస్సులుండవు, లారీలుండవు. దేశమంతా పారలూ గునపాలూ పట్టుకుని ఉముగాండాకు, అంటే ఊరుమ్మడి పనికి దిగుతుంది. పాలిచ్చే తల్లులకు మాత్రం ఆ పని తప్పించారు. కాబట్టి గిసెన్యీ నుంచి తన పుట్టిల్లున్న న్యామ్యుంబా దాకా సరస్సు పక్క రోడ్డంతా తన సైకిల్‌కే రాసిచ్చినట్టు.

పథకం చాలా సులువు. సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాలి, పుట్టింటి కింది రేవులో ఈదాలి, మధ్యాహ్నానికల్లా తిరిగి ఇల్లు చేరాలి. పట్టణంలో ఏటా జరిగే ట్రయాథ్లాన్‌కు ఎవరికీ చెప్పకుండా పేరిచ్చేసింది. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి. పెళ్ళికి ముందు ఆ పోటీలో ఆమె పేరు చెబితే మిగతా ఆడపిల్లలు మొహాలు వేలాడేసేవారు. ఇప్పుడు చంకలో నాలుగు నెలల మన్జీ ఉన్నాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఉంది. పాలిచ్చే తల్లి కివూ సరస్సు చన్నీళ్ళలో దిగితే పాలు ఎండిపోతాయని అత్తగారు వెరోనిక నమ్మకం. ఏ విషయంలోనూ ఆమెతో ఏకీభవించని కన్నతల్లి కూడా ఈ ఒక్క విషయంలో ఏకీభవించింది. ఇక మొగుడు గసానా, గోడకు వేలాడుతున్న సైకిల్‌ను చూసినప్పుడల్లా, "ఊరికే దుమ్ము పడుతోంది, మా తమ్ముడికిచ్చేద్దాం" అంటున్నాడు. అది నాన్న కొనిచ్చిన సైకిలు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే. ఈత సంగతి బయటపడితే పోటీ పోతుంది, సైకిలూ పోతుంది.

"మన్జీ నాన్నా, మా అమ్మ దగ్గరికి వెళ్ళొస్తా. పాలు పిండి గిన్నెలో పెట్టాను."

"చాప ఎందుకూ?" అన్నాడు గసానా సగం నిద్రలో.

"నడుం వాల్చడానికి."

అబద్ధం కాదు. కాన్పు తర్వాత పొట్ట గట్టిపడటానికి ఆస్పత్రి నర్సు నేర్పిన కసరత్తులు చాప మీదే చేయాలి. చాప చుట్టి సైకిల్ వెనక కట్టింది. ఈత బట్టలూ బూట్లూ కుక్కిన సంచి వీపుకు తగిలించుకుని బయలుదేరింది.

అనుకున్నట్టే రోడ్డు ఖాళీగా ఉంది. రోడ్డు పక్క కాలువలో మాత్రం ఊరంతా ఉంది.

కాలువలో పూడిక తీస్తున్న జనం ఒక్కసారిగా తలలెత్తారు. "ఎక్కడికే తేతా?" అని అరిచింది వీధి చివరింటి కన్సెసా.

"మా అమ్మ వాళ్ళింటికి పిన్నీ!"

"పిల్లాడేడీ?"

"వాళ్ళ నాన్న దగ్గర!"

అన్నీ నిజాలే చెప్పింది. కొంప ముంచినవి కూడా అవే. ఆ దేశంలో పెళ్ళైన ఆడది సంచీ, చాపా కట్టుకుని పొద్దున్నే పుట్టింటి దారి పట్టిందంటే, మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోతోందనే. ఇక ఆ మొగుడు అరటి బీరు మోసుకుంటూ పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, తప్పు ఒప్పుకుని, భార్యను తెచ్చుకోవాలి. సైకిల్ మలుపు తిరగకముందే కన్సెసా పార పక్కన పారేసి తేతా పుట్టింటికి ఫోన్ కలిపింది.

తేతాకు ఇదేమీ తెలియదు. ఎత్తుల మీద రొప్పుతూ, పల్లాల్లో కేరింతలు కొడుతూ రేవుకు చేరింది. రాత్రి చేపల వేటకెళ్ళిన పడవలు మూడేసి ఒకదానికొకటి కట్టుకుని తిరిగొస్తున్నాయి. తెడ్ల దెబ్బకు తగ్గట్టు పాట వినిపిస్తోంది. ఒకప్పుడు ఆ పాట ఎత్తుకునే గొంతు నాన్నది. ఇదే రేవులో ఆమె పొట్ట కింద అరచెయ్యి పెట్టి తేలడం నేర్పాడు. "చెయ్యి తీయకు నాన్నా, తీయకు" అని ఆమె అరుస్తుంటే, "తీయనులే" అంటూనే ఎప్పుడో తీసేశాడు. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన ఒడ్డున కూర్చుని నవ్వుతున్నాడు.

నీళ్ళలో దూకింది. మొదట ఊపిరి ఆగింది, తర్వాత ఒళ్ళు పాత సంగతులన్నీ గుర్తు చేసుకుంది. కాసేపు ఎవరి తల్లీ కాదు, ఎవరి కోడలూ కాదు.

గుండెల్లో పాలు సలపరించేసరికి ఈ లోకంలోకి వచ్చింది. గబగబా బట్టలు మార్చుకుని, అమ్మకు ఒకసారి కనబడిపోదామని గట్టెక్కింది. పెరట్లో అప్పటికే కుర్చీలు వేసి ఉన్నాయి. పెదనాన్న కరేమేరా కోటు తొడుక్కుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయన కోటు తొడిగేది తీర్పులకూ చావులకూ మాత్రమే.

"అయ్యో, నా తల్లే!" అమ్మ పరుగెత్తుకొచ్చింది. "కళ్ళు చూడండి, ఎలా ఎర్రబడ్డాయో! ఏడ్చి ఏడ్చి మొహమంతా తడిసిపోయింది!"

"అమ్మా, అది కాదు..."

"చెప్పకు. ఆడదాని కన్నీళ్ళు చాలు, సాక్ష్యం అక్కర్లేదు" అన్నాడు పెదనాన్న.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏడవలేదని తేలుతుంది. మరి తడి ఎక్కడిదని అడుగుతారు. తేతా తల వంచుకుంది. ఆ తల వంచడంతో గసానా పని అయిపోయింది.

అక్కడ గిసెన్యీలో అతను పిల్లాణ్ణి వీపున కట్టుకునే ఉముగాండాకు వెళ్ళాడు. వీపున బిడ్డతో మట్టి తవ్వుతున్న మగాణ్ణి చూసి ఇంకెవరికీ అనుమానం మిగల్లేదు. పని తర్వాత జరిగే ఊరి సమావేశంలో కాలువల సంగతి పక్కకుపోయి గసానా కాపురం ముందుకొచ్చింది. "అమ్మ దగ్గరికి వెళ్ళొస్తానంది, అంతే" అని అతను మొత్తుకున్నాడు. "చాప తీసుకెళ్ళిందా లేదా?" అని అడిగారు. తీసుకెళ్ళింది. అక్కడితో అతనికే నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నం కాగానే పెరడు నిండిపోయింది. ముందు అరటి బీరు డబ్బా మోస్తూ గసానా, అతని వీపున గుక్కపట్టి ఏడుస్తున్న మన్జీ, వెనక వెరోనిక, ఆ వెనక పారలతో సహా వీధంతా. తేతా పిల్లాణ్ణి లాక్కుని పాలకు పట్టింది. వాడు ఉక్కిరిబిక్కిరయ్యేటంతగా పాలు చేపాయి.

"చేసిన తప్పు చెప్పు, అల్లుడూ" అన్నాడు పెదనాన్న.

గసానా పెళ్ళాం మొహంలోకి చూశాడు. అక్కడ ఏ సాయమూ దొరకలేదు. "ఆమెకని దాచిన సంబాజా చేపలు... నేనే తిన్నాను."

"చేపలకోసం ఎవరూ చాప కట్టరు. ఇంకా?"

"రాత్రిళ్ళు పిల్లాడు ఏడిస్తే... నిద్రపోతున్నట్టు పడుకుంటాను."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక మూలుగు వినిపించింది. "ఇంకా?"

"సైకిలు తమ్ముడికిచ్చేద్దాం అన్నాను."

పెదనాన్న చేతికర్ర నేలకేసి కొట్టాడు. "మా తమ్ముడు కొన్న సైకిలా!"

ఆ సందడిలో వెరోనిక కోడలి పక్కన చేరింది. తడి జుట్టు మీద చెయ్యి వేసింది. వేళ్ళ మధ్యకు పచ్చగా ఏదో వచ్చింది. అత్తగారు ఆ నాచును చూసింది, పాలు కారుతున్న మనవడి మూతి చూసింది, మళ్ళీ నాచును చూసింది. దాన్ని కొంగులో దాచేసింది.

"పాలు ఎండలేదుగా" అంది గొంతు తగ్గించి. తర్వాత పెరడంతా వినబడేలా, "పాపం, పిల్ల ఎంతలా ఏడ్చిందో! జుట్టంతా తడిసి ముద్దయింది!" అంది.

బీరు అందరికీ ఒక చుట్టు తిరిగాక తీర్పు వచ్చింది. ఇకమీద ప్రతి శనివారం తేతా అదే సైకిల్ మీద పుట్టింటికి వస్తుంది. గసానా పిల్లాణ్ణి చూసుకుంటాడు. ఆమె చాలనేదాకా ఇలాగే సాగాలి. నోరు తెరిచి బతిమాలినా ఎన్నేళ్ళకూ దొరకనిది, నోరు మూసుకుని కూర్చుంటే ఒక్క పూటలో దొరికింది.

ఆ ఏడాది పోటీలో తేతా చివరి గుంపులోనే పరుగు ముగించింది. అయినా సరస్సులోంచి లేచినప్పుడు ఒడ్డున అందరికన్నా గట్టిగా అరిచిన గొంతు వెరోనికది. గసానా వీపున మన్జీతో ఆమె పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు. అసలు తన తప్పేమిటో అతను ఎప్పుడూ అడగలేదు, అడిగితే ఇంకేదో ఒప్పుకోవాల్సి వస్తుందని.