పంతొమ్మిది మార్కుల గేరు

ఆ ఆదివారం ఉదయం కృష్ణకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, సైకిలుకి వెనక గేరు చక్రం ఒక్కటి మార్పించుకుని, ఉప్మా చల్లారేలోపు ఇంటికి వచ్చేయాలి. "అరగంట పని" అని భార్య విశాలాక్షికి చెప్పి మరీ బయలుదేరాడు. చొడవరంలో ఓ జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న మనిషి అరగంట అన్నాడంటే అరగంటే కాబోలనుకుని ఆవిడ ఉప్మా మీద మూత పెట్టింది.

ఆ సైకిలు మామూలు సైకిలు కాదు. దూర ప్రయాణాల కోసం చేసిన టూరింగ్ సైకిలు. వంపు తిరిగిన హ్యాండిలు, సంచులు తగిలించుకోవడానికి కడ్డీలు, వెనక గుత్తిగా గేర్లు. విశాఖపట్నంలో ఎవరో సాఫ్ట్‌వేర్ అబ్బాయి మోజు తీరి అమ్మేస్తుంటే కృష్ణకాంత్ మోజుపడి కొన్నాడు. కొన్నవాడు తొక్కి ఊరుకోవచ్చు. శుక్రవారం స్టాఫ్ రూములో నోరు జారాడు.

"మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేస్తాను. ఒక్కసారి కూడా దిగకుండా" అన్నాడు.

కామర్స్ లెక్చరర్ ఇలియాస్‌ది అనకాపల్లి. నెమ్మదిగా మాట్లాడి నిప్పు పెట్టగల మనిషి. "మొదటి మలుపు దాకా తొక్కి, అక్కణ్నించి తోసుకుంటూ వెళ్తారేమో మాస్టారూ" అన్నాడు.

"కాలు కింద పెడితే ఈ ఉద్యోగం మానేసి బస్టాండు దగ్గర పంచర్లేసుకుని బతుకుతాను!"

పంచర్ల మాట కృష్ణకాంత్‌కి ఊతపదం. లెక్క తప్పు చేసిన ప్రతి పిల్లవాడికీ "నువ్వు పంచర్లేసుకోడానికే పనికొస్తావురా" అని ఇరవై రెండేళ్లుగా ఉచితంగా సలహా ఇస్తున్నాడు. తన మీద తనే వాడుకోవడం మాత్రం ఇదే మొదలు. "ఉద్యోగం దాకా ఎందుకు మాస్టారూ, ఒక్క ఆదివారం వేయండి చాలు" అని ఇలియాస్ బేరం తేల్చి, ఆ మాట ఉన్నదున్నట్టు కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ముహూర్తం ఈ ఆదివారం కాక ఆపై ఆదివారం. ప్రిన్సిపాల్ కూడా దాని కింద నమస్కారం బొమ్మ పెట్టారు.

శనివారం కృష్ణకాంత్ ఎవరికీ చెప్పకుండా మాడుగుల రోడ్డు మీద పరీక్షించి చూసుకున్నాడు. ఊరు దాటగానే వచ్చే చిన్న ఎత్తు దగ్గరే ఊపిరాడక దిగిపోయాడు. చెరుకు ట్రాక్టరు డ్రైవరు ఒక్కడు తప్ప చూసినవాళ్లు లేరు. కాని ఆ ఎత్తు ఘాట్ రోడ్డు ముందు ఇంటి గడపతో సమానమని తెలిసి అతనికి నిజంగానే భయం వేసింది. గేరు మార్చకపోతే పరువు పోతుంది.

అందుకే ఆ ఆదివారం సత్యారావు షాపుకి వెళ్లాడు. కొండలకి పోయే విశాఖ సైకిళ్లవాళ్లు దారిలో ఆగేది ఆ షాపు దగ్గరే కనుక, గేర్ల సంగతి సత్యారావుకి తెలిసినంతగా చొడవరంలో మరెవరికీ తెలియదు. పదిహేడేళ్ల కిందట అతను కృష్ణకాంత్ దగ్గరే చదివి, ఇంటర్‌ ఫిజిక్స్‌లో రెండు మార్కుల తేడాతో తప్పాడు. మాస్టారు ఇచ్చిన పంచర్ల సలహాను అక్షరాలా పాటించిన శిష్యుడు అతనొక్కడే.

"సార్, ఎనక గేర్లుండే ఫ్రీవీలు మారిస్తే సాలు" అన్నాడు సత్యారావు, చక్రం తిప్పి చూసి. "ఇప్పుడు పెద్ద గేరుకి ఇరవై ఎనిమిది పళ్లున్నాయి. ముప్పై ఆరు పళ్లది ఏసేస్తాను. కొండెక్కినప్పుడు తేలికైపోద్ది. ఇంక దేన్నీ ముట్టుకోవద్దు."

అక్కడితో ఆగి ఉంటే ఉప్మా వేడిగా ఉండేది.

"వెనకది పెద్దదైతే తేలిక అంటావు. అంతేనా?"

"అంతే సార్."

"మరి పెడళ్ల దగ్గర ముందు చక్రం కూడా పెద్దది వేస్తే రెట్టింపు తేలిక కావాలి కదరా?"

సత్యారావు చేతిలో స్పానరు ఆగిపోయింది. "అది పెద్దదైతే బరువెక్కుద్ది సార్. ఎనకొచ్చిన లాభం ముందు పోద్ది."

"చక్రం ఎంత పెద్దదైతే బలం అంత ఎక్కువ. లివరు సూత్రం! నీకు ఫిజిక్స్‌లో ఎన్నొచ్చాయిరా?"

"పంతొమ్మిది సార్."

"పాసు మార్కులు?"

"ఇరవయ్యొకటి సార్."

"నువ్వా నాకు చెప్పేది?"

పక్కన టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. సత్యారావు కూడా మర్యాదకి నవ్వి, "మీరెలాగంటే అలాగే సార్" అన్నాడు. కృష్ణకాంత్‌కి లివరు పుస్తకంలో తెలుసు. సైకిలు గేర్లు సిలబస్‌లో లేవు. సిలబస్‌లో లేని వస్తువు లోకంలో ఉన్నందుకు అతను ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పడలేదు.

వెనక ముప్పై ఆరు పళ్లది ఎక్కింది. దాంతోపాటు ముందు నలభై పళ్ల చక్రం పోయి యాభై రెండు పళ్లది వచ్చింది. అంత పెద్ద చక్రం చుట్టూ తిరగడానికి పాత చైను చాలలేదు. సోమవారం విశాఖ నుంచి బస్సు పార్శిల్లో పొడుగు చైను వచ్చింది. చైనును ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదకి నెట్టే డీరైలరు ఆ పొడుగును లాగలేక వేలాడేసింది. మంగళవారం పెద్ద డీరైలరు వచ్చింది. దానికి హ్యాండిలు మీదున్న పాత గేరు మీటతో పొసగలేదు. బుధవారం కొత్త మీట వచ్చింది. ఆ మీట వంపు హ్యాండిలుకి పట్టదు. గురువారం తిన్నటి హ్యాండిలు వచ్చింది. దానికి పాత బ్రేకు పిడులు పట్టవు, పాత కేబుళ్లు అందవు. శుక్రవారం బ్రేకులు వచ్చాయి.

ప్రతి పార్శిలూ విప్పేముందు సత్యారావు ఒకటే మాట అన్నాడు. "సార్, ముందు సెక్రం పాతదే ఎట్టేస్తే ఇన్నొద్దు."

కృష్ణకాంత్‌ది కూడా ఒకటే జవాబు. మొదట్లో వాక్యంగా చెప్పేవాడు. గురువారం నాటికి "పంతొమ్మిది" అని ఊరుకునేవాడు.

తీసేసిన పాత సామానంతా గోనెసంచిలో ఇంటి అరుగు మీదకి చేరింది. విశాలాక్షి సంచి మూతి విప్పి చూసింది.

"ఏవండీ, ఇదేటి?"

"పాత పార్టులు."

"ఇన్ని ఇక్కడుంటే అక్కడ సైకిలేం మిగిలిందండీ?"

సీటూ బెల్లూ అలాగే ఉన్నాయని కృష్ణకాంత్ ధీమాగా చెప్పాడు.

ఆ సంచే కొంప ముంచింది. ఇలియాస్ పెట్టిన కబురు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి తిరుగుతూ ముందూ వెనకా అరిగిపోయి, ఊరికి చివరికి అందేసరికి 'ఫిజిక్స్ మాస్టారు ఆదివారం నుంచి పంచర్ షాపు' అని మిగిలింది. అరుగు మీద చైన్లూ బ్రేకులూ కనిపించేసరికి ఇక ఎవరికీ అనుమానం లేకపోయింది. శుక్రవారం సాయంత్రం పక్క వీధి అప్పలనరసమ్మ ఓ సైకిలు నడిపించుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబెట్టింది.

"బాబూ, మా మనవడిది గాలి దిగిపోతంది. మీరు షాపెట్టేరంట కదా, సూడండి."

"నేను లెక్చరర్నమ్మా!"

"అయ్యో, తెలీకేటి బాబూ. జీతాలు సాలక అందరూ ఏదోటి సేసుకుంతన్నారు. సిగ్గేటి అందులో?" అని ఆవిడ సైకిలు అక్కడే వదిలేసి కూరగాయలకి వెళ్లిపోయింది.

చీకటిపడేసరికి అరుగు మీద నాలుగు సైకిళ్లు చేరాయి. వాటిలో ఒకటి కాలేజీ అటెండరుది. మర్నాడు ఉదయం ప్రిన్సిపాల్ పిలిపించారు.

"కాలేజీలో జీతం తీసుకుంటూ బయట వ్యాపారమేమిటండీ? యాజమాన్యానికి తెలిస్తే నా మీదకొస్తుంది. సంజాయిషీ రాసివ్వండి."

యాజమాన్యం దాకా పోతే ఉద్యోగానికే ముప్పని కృష్ణకాంత్ భయపడ్డాడు. అక్కడే కూర్చుని తెల్లకాగితం మీద రాశాడు. సైకిలు రిపేరు విషయంలో తనకు ఎలాంటి పరిజ్ఞానమూ లేదనీ, గతంలో లేదనీ, ఇకముందు కూడా ఉండబోదనీ ప్రమాణపూర్వకంగా సంతకం పెట్టాడు. సాక్షి సంతకం ఇలియాస్ పెట్టాడు. కాగితం రెండుసార్లు చదివి, "ఒక్క అక్షరం అబద్ధం లేదు మాస్టారూ" అన్నాడు.

ఆదివారం ఉదయం బస్టాండు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. 'పాడేరు ఘాట్‌ను జయించనున్న మా ఫిజిక్స్ మాస్టారికి శుభాకాంక్షలు' అని రాసి, కృష్ణకాంత్ తలను ఏదో విదేశీ వీరుడి భుజాల మీద అతికించారు. విశాలాక్షి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వెనక చక్రానికి బంతిపూల దండ కూడా చుట్టబోతే సత్యారావు దండం పెట్టి ఆపాడు. అప్పలనరసమ్మ హారతిచ్చి, మనవడి సైకిలు ఎప్పటికవుతుందని అడిగింది.

మాడుగుల దాకా రోడ్డు చదును కావడంతో కృష్ణకాంత్ రాజాలా తొక్కాడు. వెనకే ఇలియాస్ స్కూటరు నడుపుతుంటే, పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని సత్యారావు వెనక కూర్చున్నాడు. హల్వా షాపుల ముందు జనం చేతులూపారు. కృష్ణకాంత్ కూడా చెయ్యి ఊపాడు. అతని జీవితంలో అంతకన్నా మంచి గంట ఇంకోటి లేదు.

తర్వాత ఘాట్ మొదలైంది. కృష్ణకాంత్ మీట నొక్కాడు. చైను అందంగా, చప్పుడు లేకుండా అన్నిటికన్నా పెద్ద గేరు మీదకి ఎక్కి కూర్చుంది. అతను గర్వంగా పెడలు తొక్కాడు. పెడలు కదల్లేదు. లేచి నిలబడి మొత్తం బరువు వేశాడు. సైకిలు నాలుగు బారలు ముందుకెళ్లి, ఆలోచించి, పక్కకి ఒరిగింది. మొదటి మలుపు ఇంకా పది గజాల దూరంలో ఉండగానే కృష్ణకాంత్ ఎడమ కాలు నేలకి ఆనింది.

ఇలియాస్ స్కూటరు ఆపి, జేబులోంచి ఫోను తీశాడు. ఫొటో కోసమనుకుని కృష్ణకాంత్ మొహం తిప్పుకున్నాడు. కాని అతను తీసింది క్యాలిక్యులేటరు.

"పాతది ముందు నలభై పళ్లు, వెనక ఇరవై ఎనిమిది. భాగిస్తే ఒకటి పాయింట్ నాలుగు మూడు. కొత్తది యాభై రెండు, ముప్పై ఆరు. ఒకటి పాయింట్ నాలుగు నాలుగు." ఇలియాస్ తలెత్తాడు. "మాస్టారూ, వారం రోజులు కష్టపడి వెంట్రుకవాసి బరువెక్కించారు."

కృష్ణకాంత్ మనసులో మళ్లీ భాగించి చూశాడు. అదే వచ్చింది. ఇంకోసారి చూశాడు. ఆరో తరగతి పిల్లవాడు చేసే భాగహారం తనకు వారం రోజులు తట్టలేదన్న సిగ్గు ముందు కాలు కింద పెట్టిన సిగ్గు అతనికి ఏపాటిదిగానూ అనిపించలేదు.

"మరి నువ్వు చెప్పొచ్చు కదరా!" అని సత్యారావు మీద అరిచాడు.

"సెప్పేను సార్."

"గట్టిగా చెప్పాలి!"

"పంతొమ్మిది మార్కులోడు ఇంకెంత గట్టిగా సెప్తాడు సార్?"

సత్యారావు పనిముట్ల సంచిలోంచి పాత నలభై పళ్ల చక్రాన్ని తీశాడు. దాన్ని మొదటి రోజు నుంచీ గోనెసంచిలో వేయకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. అయిదు బోల్టులు విప్పి, అయిదు బోల్టులు బిగించాడు. బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు. "ఓపాలి ట్రయల్ సూస్తాను సార్" అని ఎక్కి, మలుపు తిరిగాడు. మళ్లీ కనబడలేదు.

గంట తర్వాత ఫోను వచ్చింది. "సార్, సైకిలు దూదిలాగుంది! సగం ఘాటెక్కేసేను. ఎలాగూ ఇంత దూరం వచ్చేను కదా, పాడేరు దాకా ఎళ్లి సూసొచ్చేస్తాను."

ఇలియాస్‌ స్కూటరెక్కే ముఖం లేక కృష్ణకాంత్ ఏదో ఆటో పట్టుకుని మాడుగుల వచ్చి, పావుకిలో హల్వా కొనుక్కుని చొడవరం బస్సెక్కాడు. ఉదయం ఫ్లెక్సీ చూసిన కండక్టరు ఆప్యాయంగా పలకరించాడు.

"మాస్టారూ, సైకిలేదండీ?"

"పాడేరు వెళ్లింది."

"మరి మీరెల్లలేదా?"

కృష్ణకాంత్ చిల్లర సరిగ్గా ఇచ్చి కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాడు.

మాట మాటే కనుక, ఆపై ఆదివారం సత్యారావు షాపు ముందు సగం కాలేజీ నిలబడింది. తనే సంజాయిషీ రాయించుకున్నారు కనుక ప్రిన్సిపాల్ దూరంగా టీ కొట్టు దగ్గర నిలబడి, ఏమీ చూడనట్టు అంతా చూస్తున్నారు. సత్యారావు మాస్టారికి పీట వేశాడు. అప్పలనరసమ్మ మనవడి సైకిలు ముందుకు తెచ్చాడు. కృష్ణకాంత్ ట్యూబు లాగాడు, నీళ్ల బేసిన్లో ముంచాడు, బుడగలొచ్చిన చోట గీకి సొల్యూషన్ రాశాడు. వెంటనే పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.

"సొల్యూషను ఆరాలి సార్. అప్పుడే అంటించీకండి" అన్నాడు సత్యారావు.

"నువ్వా నాకు..." అని మొదలుపెట్టి కృష్ణకాంత్ నాలిక కరుచుకున్నాడు. అయితే నోరు ఆగింది కాని చెయ్యి ఆగలేదు. పట్టీ అప్పటికే అంటించేశాడు.

ట్యూబుకి గాలి కొట్టి మళ్లీ నీళ్లలో ముంచారు. పట్టీ అంచు మెల్లగా లేచింది. బుడగలు ఒకదాని వెనక ఒకటి తీరికగా పైకి వచ్చాయి. అప్పలనరసమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎన్ని మార్కులు వేస్తావు సత్యారావూ?" అని అడిగాడు ఇలియాస్.

సత్యారావు ట్యూబును అటూ ఇటూ తిప్పి, నిజంగానే పేపరు దిద్దుతున్నవాడిలా చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుని, మాస్టారికి ఎంతో మర్యాదగా చెప్పాడు.

"పంతొమ్మిది సార్. వచ్చే ఆదోరం సప్లిమెంటరీకి రండి."