బాబూలాల్ ఏ డబ్బాలో ఉన్నాడు

ఆ ఆదివారం పొద్దున సునీల పెట్టుకున్నది చిన్న పనే. కూతురు కళ్యాణి శనివారానికల్లా బడికి రెండు డబ్బాలు తీసుకుపోవాలి. ఒకదాంట్లో ఎడారి, ఇంకోదాంట్లో వర్షారణ్యం. నాలుగో తరగతి పిల్లలు సొంత చేతులతో చేయాలని, తల్లులు పక్కన కూర్చుంటే తప్పు లేదని రూత్ టీచర్ చెప్పిందట. కామారెడ్డి పుస్తకాల దుకాణంలో ప్లాస్టిక్ ఒంటెలతో సహా తయారు డబ్బాలు దొరుకుతాయని, ఎల్లారెడ్డి తల్లుల్లో సగం మంది అప్పటికే బస్సెక్కారని సునీలకు తెలుసు. ఆమె ఎక్కదలచుకోలేదు. ఏడో తరగతిలో తనను బడి మానిపించిన నాటి నుంచి, బడి పని ఒక్కటైనా మళ్లీ తన చేతికి రావాలని ఆమె ఆశ. అది ఎవరికీ చెప్పుకునే ఆశ కాదు.

ఎడారి సులువనిపించింది. భర్త బాబూలాల్ ఉన్నది అక్కడే కదా. మహమ్మద్‌నగర్ దారిలోని తమ లంబాడీ తండా నుంచి దుబాయి పోయి మూడేళ్లయింది. ఫోన్ చేసి అడిగింది.

"ఎడారి ఎట్లుంటది? కళ్యాణి బడిల చెప్పాలెనంట."

"ఇసుక ఉంటది," అన్నాడు బాబూలాల్.

"ఇంకా?"

"ఇంకా అంటే... ఇసుకనే. ఎండ. డ్యూటీకి లేటయితది, పెడుతున్న."

ఆ తడబాటును సునీల ఎండదెబ్బగా లెక్కేసుకుని రోజంతా దిగులుపడింది. పక్కింటివాళ్లు స్లాబు కోసం పోయించుకున్న ఇసుకలోంచి ఒక తట్టెడు అడిగి తెచ్చి చెప్పుల డబ్బాలో పోసింది. వీసాకు ఇవ్వగా మిగిలిన తండ్రి ఫొటోను కళ్యాణి అగ్గిపుల్లకు అంటించి ఇసుక నడిమధ్య గుచ్చింది.

"బాపుకు నీడ లేదు యాడీ," అన్నది తల్లితో.

"ఎడారిల నీడ ఉండదు బిడ్డా," అన్నది సునీల. అని, పక్కకు తిరిగి, చదునుగానే ఉన్న ఇసుకను మళ్లీ చదును చేసింది.

చిక్కంతా వర్షారణ్యంతోనే వచ్చింది. ఫోన్‌లో చూస్తే నేల కనిపించనంత పచ్చదనం, విడవని వాన. అట్ట డబ్బాలో నీళ్లు పోస్తే అడుగు నానిపోయింది. చివరికి వెదురు గంపలో పుట్టమన్ను, పేడ ఎరువు కలిపి, నానిన గోధుమలు చల్లి, ధాన్యం గుమ్మి వెనక చీకట్లో పెట్టింది. ఎందుకట్లా చేసిందో ఆలోచించలేదు. ఆమె చేతికి చిన్నప్పటి నుంచి తెలిసిన అడవి అదొక్కటే.

శ్రావణ మాసం. తీజ్ పండుగకు తండాలో పెండ్లికాని ఆడపిల్లలు మంచి మొగుడు రావాలని మొక్కుకుని గోధుమలు పోసేది కూడా సరిగ్గా అట్లాగే. కాకపోతే ముందు తండా పెద్ద, అంటే నాయక్, సరే అనాలి.

బుధవారం నాడు అత్త పూలి చీపురు కోసం గుమ్మి వెనక చేయి పెడితే మెత్తగా మొలకలు తగిలాయి. ఇంట్లో పెండ్లికాని పిల్ల ఒక్కతే. కామారెడ్డిలో ఉండి డిగ్రీ చదువుతున్న పూలి చిన్న కూతురు గంగ. మొన్న ఆదివారమే వచ్చి పోయింది.

"నాతోని ఒక్క మాటంటె నేనే సంబంధం చూడకపోదునా. దొంగతనంగ మొలకలు పోసుకునే కాడికి వచ్చిందా ఇది," అని పూలి కూలబడింది.

"గంగ కాదు యాడీ, నేను పోసిన. కళ్యాణి బడికి," అన్నది సునీల అత్తతో.

"నీకు మొగుడుండె, పిల్ల ఉండె. నీకెందుకు మొలకలు? మరదల్ని కాపాడుతున్నవు గని, జరుగు."

తప్పు ఒప్పుకుని వస్తానని పూలి నాయక్ హరిచంద్ ఇంటికి నడిచింది. నిజం చెప్పాలని సునీల వెంటపడింది. ముసలాయన అంతా విని, కోపం చేయకుండా, కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"ఈయేడు ఒక్క పిల్లగూడ వచ్చి అడగలే పూలీ. అందరు హాస్టళ్లల్ల, ఫోన్లల్ల. తీజ్ నాతోనే అయిపోతదనుకున్న. అడగకపోతే అడగకపాయె. పోసింది, గంతే సాలు."

సునీల తెరిచిన నోరు మూసుకుంది.

పొద్దుగూకేసరికి నాయక్ ఇంటి ముందు గంపలు పెట్టే మంచె లేచింది. తండాలో మిగిలిన ఆడపిల్లలు తలా ఒక గంపలో గోధుమలు పోసి తెచ్చారు. సునీల గంప అందరికంటే ముందు మొలిచింది కాబట్టి దాన్ని నడుమ పెట్టి, పూటపూటకూ పాటలు పాడుతూ నీళ్లు పోశారు. వర్షారణ్యానికి అంతకంటే ఏం కావాలి.

ఫోన్ మీద ఫోన్ చేసి పిలిపించిన గంగ, సంచి దించకుండానే వదిన మీద లేచింది.

"ఏంది వదినా గిది? బస్సు దిగిన్నో లేదో, ఎసొంటి పిలగాడు కావాల్నని ముగ్గురు అవ్వలు అడగవట్టిరి."

"పా, నాయక్ కాకకు ఉన్నదున్నట్టు చెప్పేద్దాం."

గంగ మంచె దిక్కు చూసింది, సంచి దిక్కు చూసింది. "రేపు పరీక్షున్నది వదినా. పండుగంటే తప్పించుకోవచ్చు. అయినంక చెప్దాం తీయ్."

శనివారం పొద్దున సునీల ఎడారి డబ్బా మూత తీసి కొయ్యబారిపోయింది. మూత సందులోంచి రాత్రి పిల్లి దూరి, ఇసుకను తన అవసరానికి వాడుకుని, పద్ధతిగా కప్పెట్టి పోయింది. బాబూలాల్ మెడదాకా కూరుకుపోయి ఉన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇసుక మార్చి, ఫొటోను కొంగుతో తుడిచి గుచ్చి, మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఆ గుబులుతోనే గంప కోసం పోతే నాయక్ అడ్డుపడ్డాడు.

"నీళ్లల్ల కలిపేదాక మొలకలు మంచె దిగొద్దు బిడ్డా."

కళ్యాణి ఏడుపు అందుకుంది. సునీల ఇక ఆగలేదు. "కాకా, అది తీజ్ కాదు. బడి కోసం నేను పోసిన అడవి. గంగకు ఏం తెల్వదు."

పూలి నోరు తెరిచింది. గంగ కళ్లు నేల మీద పెట్టింది. హరిచంద్ చాలాసేపు మీసం దువ్వాడు.

"నువ్వు ఎందుకన్న పోయి. మేమైతే దేవుని పేరు మీదనే నీళ్లు పోసినం. ఒక్క గంప పోవద్దు." మళ్లీ ఆలోచించాడు. "అన్ని కలిసి పోతే తప్పు లేదు."

అట్లా ఎల్లారెడ్డి బడి ముందు ట్రాక్టర్ ఆగింది. అందులోంచి వరసగా వర్షారణ్యాలు, వాటి కింద పాడుతున్న ఆడపిల్లలు, వెనక తలకు పటకా చుట్టుకున్న నాయక్ దిగారు. రూత్ టీచర్ గేటు పట్టుకుని నిలబడి, "ఒక్క డబ్బా చాలమ్మా," అన్నది.

ప్లాస్టిక్ ఒంటెల నడుమ కళ్యాణి చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "ఇది ఎడారి. ఇక్కడ చెట్లు ఉండవు, నీళ్లు ఉండవు. మా బాపు ఇక్కడ ఉంటడు."

అప్పుడే సునీల ఫోన్ మోగింది. వీడియో.

"ఏమైంది? గన్ని ఫోన్లేంది? యాడి బాగున్నదా?" బాబూలాల్ ముఖం నిండా నీళ్లు. వెనక నేల కనిపించనంత పచ్చదనం. చేటలంత ఆకుల మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన చేతిలో పైపు ఉంది.

"ఏడున్నవు నువ్వు?"

"డ్యూటీల."

"మరి ఎడారేది?"

పైపు దాచబోయి బాబూలాల్ తన మీదే నీళ్లు పోసుకున్నాడు. "పెద్ద షాపింగ్ మాల్ ఇది. లోపల అద్దాల ఇంట్ల అడవి పెంచుతరు, పిల్లలకు చూపియ్యనికి. నీళ్లు పెట్టుడు నా పని. ఎడారంటవా, బస్సు కిటికిలకెళ్లి చూసిన."

"మూడేండ్లు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? చెట్లకు నీళ్లు పోయనికి విమానమెక్కిండంటె తండా నవ్వదా?"

ఫోన్ చుట్టూ మూగిన తండా నవ్వింది. అందరికంటే గట్టిగా పూలి నవ్వింది.

"ఇంటి ముందటి జామ చెట్టు ఎండిపాయె. దానికి ఒక్కనాడన్న బిందెడు పోసినవా," అన్నది సునీల. మాట తిట్టులాగే మొదలైంది, చివరికొచ్చేసరికి ఫోన్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "ఎప్పుడొస్తవు?"

"ఎండల చేసేటోళ్లనైతే ఎండకాలం ఇంటికి తోలుతరు. అడవికి ఎండకాలం లేదు కద సునీలా." ఆమె వెనకున్న గంపను చూశాడు. "గవి నువ్వు పోసినవా? మంచిగొచ్చినయ్. నాకు నాలుగు మొలకలు దాచిపెట్టు."

"నువ్వొచ్చేదాక పచ్చగుంటయా?"

అన్ని చెట్లు పెంచినవాడు పైపును మళ్లీ ఆకుల మీదికి తిప్పాడు. లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఫోన్ పెట్టేశాడు.

ఈలోగా కళ్యాణి ఇసుకలోంచి అగ్గిపుల్ల పీకి గంప నడుమ గుచ్చింది. మొలకలు బాగా ఎదిగి ఉండడంతో బాపు కనిపించకుండా పోయాడు. సునీల వేళ్లతో వాటిని పక్కకు జరిపి ఒకసారి చూసి, మళ్లీ మూసింది.

"బాగుంది," అన్నది రూత్ టీచర్, ఇసుక ఒక్కటే మిగిలిన డబ్బాను చూస్తూ. "మరి ఎడారిలో ఎవరు బతుకుతారు?"

కళ్యాణి తల్లి దిక్కు చూసింది. సునీల ఇంకా గంపలోని మొలకలు సర్దుతూ ఉంది. చివరికి పిల్లే తనకు తెలిసిన నిజం చెప్పింది.

"మా పిల్లి, టీచర్."