వంటింటి హిమానీనదం

ఆ ఉదయం మంచుబావ వేసుకున్న పథకం చిన్నదే. ఆఫీసుకు వెళ్ళాలి, కమిటీ ముందు కంప్యూటర్ నమూనా నడిపి చూపించాలి, భోజనానికి ఇంటికి వచ్చేయాలి. మంచుబావ అన్నది మరదలు పెట్టిన పేరు. కొండలమీద మెల్లగా జారే మంచునదులు, అంటే హిమానీనదాలు, వాతావరణం వేడెక్కేకొద్దీ ఎంత కరుగుతాయో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. ఆ పేరు ఆఫీసుదాకా పాకింది.

పథకం చిన్నదే గానీ గండం పెద్దది. చుట్టుపక్కల హిమానీనదాలన్నీ ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఎంత కరిగాయో ఆయన నమూనాలోనూ అంతే కరిగాయి. ఒక్కటి మాత్రం ఫొటోల్లో ఏటికేడూ కుదించుకుపోతూ, నమూనాలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఈ రెండూ ఇవాళ కలవకపోతే ప్రాజెక్టు మూసేస్తామని కమిటీ తేల్చి చెప్పింది. ప్రాజెక్టుతోపాటు ఆయన ఉద్యోగమూ పోతుంది. దిక్కుతోచక పోయినవారం లెక్కలో ఒక దిద్దుబాటు దూర్చాడు. కొండమీద పెట్టిన పరికరం వేడి ఎంతని కబురు పంపినా దానికి ఇంకాస్త కలిపి లెక్కించాలని. అది శాస్త్రం కాదనీ, భయమనీ ఆయనకు తెలుసు.

"ఫ్రిజ్ పైఅరలో మంచు గడ్డకట్టి తలుపే పడటంలేదు. ఇవాళ నాకు స్కూలు లేదుగా, కరిగించేస్తాను," అంది భార్య.

"ఊఁ," అన్నాడు మంచుబావ.

ఆమె నమ్మలేదు. నెలరోజులుగా ఆయన అన్నింటికీ ఊఁ అనే అంటున్నాడు. మొన్న పరీక్షించడానికని, మేడమీద ఏనుగు ఎక్కిందని చెప్పి చూసింది. దానికీ ఊఁ అన్నాడు.

కమిటీ గదిలో పెద్ద తెర, పొడుగాటి బల్ల, ఎవరూ ముట్టని బిస్కెట్లు. అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని నడిపించమంది. పక్కన డైరెక్టరు కూర్చున్నాడు. ఎవరు పోట్లాడుకున్నా ఇద్దరి మాటా కలిపి సగం చేయమంటాడు కాబట్టి ఆయన్ని సగటు సార్ అంటారు. ఈ తగువుకూ ఆయన మందు అదే: ఫొటో సగం, నమూనా సగం.

నమూనా నడిచింది. తెరమీద నీలంగా ఉన్న హిమానీనదం ఎప్పటిలాగే కదలకుండా ఉంది. అంతలో అంచులు ఎర్రబడ్డాయి. తెరమీద కొండ వేడి అంకె ఒక్కసారిగా పెరిగింది. సగటు సార్ ముఖం విప్పారింది. కరుగుతోంది చూడండని అధ్యక్షురాలికి చూపించాడు. ఆమె తల ఊపింది. మంచుబావ మొదటిసారి ఊపిరి పీల్చుకుని ఒక బిస్కెట్ కూడా తీసుకున్నాడు.

బిస్కెట్ పూర్తికాకముందే హిమానీనదం సగమైంది. పైనుంచి దిద్దుబాటు ఇంకాస్త వేడి కలుపుతూనే ఉంది. ఇవాళ్టి వేడి ఇలాగే ఉంటే వారం తిరిగేసరికి కొండ బోడిగుండు అవుతుందని నమూనా తేల్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. ప్రమాదం కనిపిస్తే కింద నదిమీదున్న ఆనకట్టకు దానంతటదే హెచ్చరిక పంపే ఏర్పాటు కూడా ఉంది. ఆ ఏర్పాటు చేసినవాడూ మంచుబావే.

ఆనకట్ట ఇంజినీరు మంచుబావకు ఫోన్ చేశాడు. అందరూ వినాలని అధ్యక్షురాలు స్పీకర్ పెట్టించింది. ఒడ్డునున్న బజారును ఖాళీ చేయిస్తున్నామని, ఆనకట్ట తలుపులు ఎత్తబోతున్నామని ఆయన చెప్పాడు. మంచుబావ ఆపమంటే నమూనా తప్పని ఒప్పుకోవాలి, ఎత్తమంటే బజారు మునుగుతుంది. సగటు సార్ మాత్రం సగం ఎత్తమని సలహా ఇచ్చాడు.

ఇంజినీరు ఫోన్ పెట్టేయగానే మళ్ళీ మోగింది. మంచుబావ కంగారుగా నొక్కాడు. స్పీకర్ అలాగే ఉంది.

"ఏవండీ, ఫ్రిజ్ గడ్డలోంచి మీ ఆఫీసు డబ్బా ఒకటి బయటపడింది. పచ్చలైటు వెలుగుతోంది. మంచు కరగాలని వేడినీళ్ళ గిన్నె దాని పక్కనే పెట్టాను. పాడవుతుందా?"

మంచుబావకు అంతా గుర్తొచ్చింది. కొండమీది పరికరానికి జోడీగా కొన్న పెట్టె అది. అది చెడితే ఇది పెట్టాలని ఒకే నంబరు ఇచ్చారు. చలిలో పనిచేస్తుందో లేదో చూద్దామంటే ఆఫీసు ఫ్రిజ్ నిండా భోజనం డబ్బాలే. ఏళ్ళకిందట ఒక్క రాత్రికని ఇంటికి తెచ్చాడు. మర్చిపోయాడు. మంచు దాన్ని కప్పేసింది. ఒకే నంబరుతో రెండు పెట్టెలు కబురు పంపితే ముందొచ్చింది తీసుకుని, వెనకొచ్చింది పక్కన పడేయడం కంప్యూటర్ అలవాటు. కొండకన్నా వంటిల్లు దగ్గర.

"అంటే ఇన్నాళ్ళూ మీరు లెక్కగట్టింది మీ ఇంటి ఫ్రిజ్‌నా?" అంది అధ్యక్షురాలు.

"అవునండీ," అన్నాడు మంచుబావ. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేక, లెక్కలో దూర్చిన దిద్దుబాటు సంగతీ చెప్పేశాడు. ముందు ఇంజినీరుకు ఫోన్ చేసి, తలుపులు ఎత్తొద్దని, తప్పు తనదని చెప్పాడు. తలుపులు తుప్పుపట్టి ఎలాగూ కదల్లేదని ఇంజినీరు చిన్న గొంతుతో ఒప్పుకున్నాడు. ఆ సంగతీ ఆ గదిలో అందరూ విన్నారు.

మంచుబావ కాగితాలు సర్దుకోసాగాడు. కొండనీ ఫ్రిజ్‌నీ కలిపి సగం చేస్తే ఎలా ఉంటుందని సగటు సార్ అడిగాడు. అధ్యక్షురాలు ఆయనవైపు చూడకుండా మంచుబావతో అంది:

"కూర్చోవయ్యా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావు, సరే. పక్కన పడేసిన కొండ కబుర్లు ఉన్నాయా? అవి వేసి నడుపు. ఆ దిద్దుబాటో ఏదో, అది తీసెయ్."

తీసేసి నడిపాడు. గీత మెల్లగా దిగుతూ వెళ్ళి ఫొటోల గీతమీదే పడుకుంది. నమూనా మొదటినుంచీ సరైనదే. తప్పల్లా దాన్ని నమ్మలేకపోయినవాడిది. హిమానీనదం నిజంగానే కరిగిపోతోందని తేలినందుకు అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఎందుకు కొడుతున్నామో తట్టి ఆపేశారు. ప్రాజెక్టు మాత్రం నిలబడింది.

ఇంటికొచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఫ్రిజ్ తలుపు చక్కగా పడుతోంది. పచ్చలైటు డబ్బా తువ్వాలుమీద ఆరుతోంది. జరిగిందంతా విని భార్య డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

"నెలనుంచీ చెబుతున్నాను, తలుపు పడటంలేదు, లోపల ఏముందో చూడండని. ఒక్కసారి వింటే ఇంత జరిగేదా?"

"ఊఁ," అన్నాడు మంచుబావ. ఈసారి విని అన్నాడు.